ప్రార్థనలో పెట్టిన మాట

శనివారం పొద్దున్నే సుగుణ అరుగు చిమ్మి, చాప పరిచి కూర్చుంది. ఎనిమిదైంది. ట్యూషన్‌కు రావలసిన ఏడుగురిలో ఒక్కరూ రాలేదు. ఎదురింటి కుప్పమ్మ మనవరాలు పుస్తకాలతో గడప దాటబోతుంటే, కుప్పమ్మ రెక్క పట్టి లోపలికి లాగేసింది.

"ఏమైనాదే పిల్లోళ్ళకు? జరాలా?" వంటింట్లోంచి అత్త నిర్మలమ్మ కేకేసింది.

నిర్మలమ్మ చెడ్డమనిషా? అయ్యో, అట్లా అంటే పాపం! వడమాలపేట క్రైస్తవ సంఘంలో ఎవరికి జబ్బుచేసినా గంజి కాచి మోసుకెళ్ళేది ఆవిడే. వచ్చిన చిక్కల్లా నోటితోనే. అందులో నువ్వుగింజ నానదు.

పది గంటలకు సుగుణ పాఠాలు చెప్పే బడి నుంచి చీటీ వచ్చింది. డాక్టరు కాగితం తెచ్చేదాకా టీచరమ్మ రానక్కర్లేదట. సుగుణ అది చదివి భర్త రత్నం చేతిలో పెట్టింది.

నెల కిందట ఆమె వీపు మీద స్పర్శ లేని మచ్చ కనబడింది. కుష్ఠే. డాక్టరమ్మ మాత్రలిచ్చి, "తొందరగా వచ్చినావు, మాత్రలేసుకుంటే ఇది ఎవరికీ అంటదు, నయమైపోతుంది" అని ధైర్యం చెప్పింది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు.

"మా, ఎవురికి చెప్పినావు?" రత్నం చీటీ పట్టుకుని వంటింటి గడపలోకొచ్చాడు.

"నేనెందుకు చెప్తాన్రా! నా కోడలి పరువు నాకు తెలీదా?" అంటూనే నిర్మలమ్మ ఆగింది. "బుధవారం ఆడోళ్ళ కూడికలో ప్రార్థన మనవులు అడిగినారు. తలా ఒకటి చెప్తా ఉండారు. నేనూ పెట్టినా, సుగుణ వీపు మీది కుష్ఠు మచ్చ తీసేయమని. దేవునికి చెప్పినాను గానీ మనుషులకు కాదు కదరా!"

"దేవునికి చెప్పేదానికి కుప్పమ్మ చెవులు కావల్సొచ్చినాయా?"

సుగుణ కేకలేమీ వేయలేదు. దానికే ఎక్కువ భయమేసింది నిర్మలమ్మకు.

"రేపు గుడైనాక చంద్రగిరికి పోతా. మా నాయన కాడ ఉంటా. ఈడ నా మొగం చూసేవాళ్ళు లేరు."

"మళ్ళా ఎప్పుడొస్తావు?" అని రత్నం అడిగితే సుగుణ అటక మీది పెట్టె దించుకుంది. పగలంతా పెట్టె సర్దుతున్న చప్పుడే వినబడింది.

ఆదివారం ప్రభువు బల్ల. ద్రాక్షరసం సంఘమంతటికీ ఒకటే గిన్నెలో. అందరూ వరసగా మోకరిస్తే పాస్టరు అయ్యగారు గిన్నె పట్టుకుని వస్తారు. సుగుణ వెళ్ళి మోకరించగానే అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళు లేచి వెనక్కి జరిగారు. కుప్పమ్మ కొంగు కూడా తగలకుండా దోపుకుంది. అయ్యగారు సుగుణ చేత తాగించి, గిన్నె అంచు తుడిచి, ఖాళీ వరస ముందు నిలబడిపోయారు. "రండమ్మా" అన్నారు. ఎవరూ కదల్లేదు. సుగుణ భుజాలు అదరడం వెనకనుంచి కూడా కనబడుతూనే ఉంది.

నిర్మలమ్మ లేచి నిలబడింది. నోటినిండా మాటలే. అంటదని డాక్టరమ్మ చెప్పిన సంగతి, ఇన్నాళ్ళూ ఆ పిల్ల దగ్గరే పిల్లలకు చదువు చెప్పించుకున్న సంగతి. కుప్పమ్మ కూతురు కాపురం వదిలి ఎందుకొచ్చిందో, అది కూడా నాలుక చివరికొచ్చి కూర్చుంది. ఒక్కమాట చాలు, కుప్పమ్మ జన్మలో తలెత్తలేదు. కుప్పమ్మకూ అది తెలుసు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

'ప్రభువా, ఈ ఒక్కసారికైనా నా నోరు మూయించు' అనుకుని నిర్మలమ్మ పెదవులు బిగబట్టింది. నొప్పి మోకాళ్ళతో నడిచివెళ్ళి, కోడలి భుజానికి భుజం ఆనించి మోకరించి, ఆ గిన్నెలోనే తాగింది.

ఆ వరసలోకి ఇంకెవరూ రాలేదు.

సుగుణ తల తిప్పి చూసింది. అత్త ఏదో ఒకటి అంటుందని, సంజాయిషీ చెప్పుకుంటుందని ఎదురుచూసింది. నిర్మలమ్మ ఒక్క మాటా అనలేదు. కోడలి చెయ్యి రెండు చేతులా పట్టుకుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

"లెయ్ అత్తా," అంది సుగుణ, తన కళ్ళు తుడుచుకోకుండానే. "ఇంటికి పోదాం పా."