విరగని కాలు

“మీరు కదలకుండా పడుకోవాల. అంతే. దీంట్లో మీకు అర్థం కానిది ఏముండాది?” అని డాక్టర్ సంతోషమ్మ అడిగింది.

“అర్థమైంది గానీ అది సాధ్యం కాదండీ,” అన్నాడు జయరావు మంచం మీది నుంచి. “ఎంత చల్లబరిచినా, ఎంత అణిచిపెట్టినా ఈ లోకంలో ఏ అణువూ పూర్తిగా కదలకుండా ఉండదు. ఇది నా మాట కాదు, క్వాంటమ్ ఫిజిక్స్ మాట.”

“అణువుల సంగతి మీరు చూసుకోండి. నాకు ఈ కాలు కదలకుంటే చాలు.”

ఆమె చూపించినది విరిగిన కాలును కాదు. వారి పరిచయంలో మొదటి విశేషం అదే.

జయరావుది సత్యవేడు దగ్గర పల్లె. తిరుపతిలో కొత్తగా తెరచిన కళాశాలలో ఫిజిక్స్ లెక్చరర్. 1946 సెప్టెంబరు చివర ఏదో పని మీద చిత్తూరు వచ్చి, బొగ్గు గ్యాసుతో నడిచే ఆనాటి బస్సు టాపు మీది నుంచి తన పుస్తకాల పెట్టెను తానే దించుకోబోయి, పెట్టెతో పాటు తానూ దిగాడు. పుస్తకాలకు ఏమీ కాలేదు. కుడి తొడ ఎముక మాత్రం విరిగింది. ఊరి చివరి మిషన్ ఆసుపత్రిలో సర్జను ఆ కాలిని బద్దల మధ్య బిగించి, బరువులు వేలాడగట్టి, డిసెంబరు దాకా మంచం దిగరాదని చెప్పి వెళ్లిపోయాడు.

సంతోషమ్మ వేలూరులో వైద్యం చదివి, ఆ ఆసుపత్రిలో పనిచేస్తూ పై డిగ్రీకి పరిశోధన సాగిస్తున్న యువతి. ఆ కాలంలో ఏ జబ్బుకైనా వైద్యులు ముందుగా రాసే మందు విశ్రాంతి. ఊరక పడుకోవడమే ఒక జబ్బు అనీ, పనిలేని కండ కరిగిపోతుందనీ, ఎముక సున్నం కోల్పోతుందనీ, గుండె సైతం బద్ధకిస్తుందనీ ఆమె వాదం. దానిని నిరూపించాలంటే ఏ దెబ్బా తగలని అవయవం ఊరక పడి ఉండాలి. అందుచేత జయరావు విషయంలో విరిగిన కాలు సర్జనుకూ, విరగని కాలు సంతోషమ్మకూ చెందినట్లు ఒక ఒడంబడిక ఏర్పడింది. ఆ కాలి సొంతదారును ఎవరూ సంప్రదించలేదు.

ప్రతి ఉదయం ఆమె టేపు తెచ్చి ఆ పిక్క చుట్టుకొలత తీసేది. కొలిచేటప్పుడు పెన్సిలును పెదవుల మధ్య పట్టుకొనేది గనుక ఆ కాసేపూ మాట్లాడేది కాదు. జయరావు కూడా మాట్లాడేవాడు కాదు. అతనికి అడ్డుగా పెన్సిలేమీ లేదు.

మాట్లాడే పనిని పక్కమంచం మునస్వామి తీసుకున్నాడు. అతడు నగరి నేతగాడు. మడమ విరిగి చేరాడు.

“డాక్టరమ్మా, నా కాలు వద్దనేస్తివి. ఆ సారు కాలు మాత్రం దినామూ కొలస్తా ఉండావు. ఏం, అది బంగారమా?”

“నీ కాలు నిద్రలో గూడా మగ్గం తొక్కతా ఉండాది మునస్వామీ. నాకు పనీపాటా లేని కాలు కావాల.”

“అట్ల సెప్పు. సోంబేరి కాలు కావాల్నా.”

ఆమె నవ్వింది. పెన్సిలు కింద పడింది. దానిని అందుకొని ఇవ్వడానికి వంగలేని స్థితిలో ఉన్నందుకు జయరావు మొదటిసారిగా విచారించాడు. అంతటితో అతని పని అయిపోయింది.

సాయంకాలాలు సంతోషమ్మ తండ్రి ఏసుపాదం గారు గొడుగుతో వచ్చేవారు. ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పి రిటైరైనవారు. బెజవాడ దాటి ఉత్తరానికి ఎన్నడూ పోకపోయినా, రష్యా చరిత్రను తెలుగులో సమగ్రంగా రచిస్తున్నారు. చిత్తూరులో దానిని వినే ఓపిక ఉన్నవారు అరుదు. లేచి పోలేని శ్రోత దొరకడం ఆయనకు దైవానుగ్రహంగా తోచింది.

“ఆ ముసలి సేనాపతి కుతుజోవ్ ఏం చేసినాడంటావు నాయనా?” అని ఒకనాడు ఆయన అడిగారు. “నెపోలియన్‌కు మాస్కో వదిలేసినాడు. పక్కకు పోయి కూర్చున్నాడు. కొట్టు కొట్టు అని అందరూ అంటా ఉండారు. ఈయన కదల్లేదు. ఆఖరికి నెపోలియనే మూట కట్టుకోని పాయ. చరిత్రలో ఊరకుండేదాని కంటే పెద్ద ఆయుధం ఇంకోటి లేదప్పా.”

జయరావు ఆ రాత్రంతా ఈ మాటను ఆలోచించాడు. పిరికివాడికి సిద్ధాంతం దొరికితే ధైర్యవంతుడి కంటె నిబ్బరంగా ఉంటాడు. తానేమీ చెప్పనక్కర లేదు, కదలకుండా ఉంటే ఆమెకే అర్థమవుతుంది అని అతడు తీర్మానించుకున్నాడు. తన శాస్త్రం కూడా దీనికి తోడు వచ్చింది. అడగనంత వరకు ఔనూ కాదూ రెండూ కలిసే ఉంటాయి. అడిగిన క్షణాన ఒకటి నశిస్తుంది. నశించేది ఏదో తెలియనప్పుడు అడగడమెందుకు?

కార్తీకపు వానలు పట్టుకున్నాయి. ఒక ఉదయం సంతోషమ్మ టేపు చుట్టి, పెన్సిలును చేతిలోనే ఉంచుకొని, “మీరేమన్నా చెప్పాలనుకుంటా ఉండారా?” అని అడిగింది.

“లేదండీ. బైట వాన బాగా పడతా ఉండాది.”

“అది కిటికీలో నాకూ అగుపడతా ఉండాది.”

డిసెంబరులో ఒక గురువారం ఏసుపాదం గారు అధ్యాయం తేకుండా వచ్చారు. ఆయన ముఖంలో రష్యాకు సంబంధించని చింత ఏదో ఉన్నది.

“రేణిగుంటలో రైల్వే ఇంజనీరు ఒకాయన ఉండాడు. మంచి కుటుంబం. ఆదివారం ఆరాధన అయినాక వాళ్లు మాట తీసుకునేదానికి వస్తారు. అమ్మాయిని అడిగితే ఔననదు, కాదనదు. నువ్వు చదువుకున్నోడివి, దినామూ చూస్తా ఉండావు. నీకేమి తోస్తుంది?”

జయరావుకు చెప్పవలసిన మాట గొంతు దాకా వచ్చి, అక్కడ సిద్ధాంతాన్ని చూసి ఆగిపోయింది.

“అది డాక్టరు గారి ఇష్టం కదా సార్. నాకేమి అభ్యంతరం ఉంటుంది?”

మునస్వామి దుప్పటిని ముఖం మీదికి లాక్కొని, “కాలు ఒకటే కాదు, మనిసే సోంబేరి,” అన్నాడు, ఎవరినీ ఉద్దేశించనట్లు.

మరునాటి ఉదయం టేపు మామూలు కంటె బిగువుగా పడింది.

“నొప్పి పెడతా ఉండాదండీ.”

“అభ్యంతరమా?”

జయరావు కాలిని వెనక్కి లాక్కోబోయి మానుకున్నాడు.

“మీకు దేనికీ అభ్యంతరం లేదని మా నాయన చెప్పినాడే,” అంటూ ఆమె అంకెను చూసింది. “బాగా కరిగింది. నా థీసిస్‌కు శానా మంచిది.” ఆ మాటలో సంతోషం లేశమైనా లేదు.

ఆమె వెళ్లిన తరువాత మునస్వామి దుప్పటి తీశాడు. “సారూ, ఆయమ్మ నిన్న రెండు దినాలు గడువు అడిగి ఆ మాట ఆపి పెట్టిండాదంట. ఎవరి కోసరం ఆపిండాదో నాకు తెలస్తాది. నీకు మాత్రం తెలియదు. ఏం సదువుకుంటివి సామీ?”

శనివారం సర్జను బద్దలు విప్పించాడు. ఎముక చక్కగా అతికిందనీ, చంక కర్రలతో వరండాలో నాలుగడుగులు వేయించవచ్చుననీ చెప్పాడు. వేయించే బాధ్యత సంతోషమ్మకు పడింది. బయట వాన. వరండా ఆ చివర బెంచీ మీద ఏసుపాదం గారు తన కాగితాలు దిద్దుకుంటున్నారు.

జయరావు చంక కర్రల మీద లేచి నిలబడ్డాడు. ముందుగా వణికినది విరిగిన కాలు కాదు. విరగని కాలు.

“దీనికేమయింది?” అన్నాడు అతడు ఒక చేత్తో గోడ పట్టుకొని. “దీనికి దెబ్బే తగల్లేదే.”

“ఏమీ కాలేదు. ఇన్ని దినాలు ఏమీ చెయ్యలేదు, అంతే. నేను రాస్తా ఉండేది అదే.”

అతడు తన కాలినీ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

“రేపు వాళ్లకు ఏం చెప్పబోతా ఉండారు?”

“నన్ను అడిగినోళ్లు ఒకరే. ఒకరే ఉన్నప్పుడు ఎంచుకునేది ఏముండాది?”

“నేను ఊరకనే ఉండలేదండీ. మీ నాయన గారు చెప్పినట్లు కాచుకోని ఉండాను. ఆ ముసలి సేనాపతి మాదిరి.”

ఆమె నవ్వలేదు. “ఆ అధ్యాయం సాపు ప్రతి రాసింది నేను. ఆయనకు చలికాలం సాయం వచ్చింది. మీకు ఎవరొస్తారు, మునస్వామా? కాచుకున్నోడు ఆయనొక్కడే కాదు. మాస్కోలో నెపోలియన్ గూడా కూర్చోనుండినాడు, రష్యా చక్రవర్తి జారు దగ్గర్నుంచి రాజీ మాట వస్తుందని. అది రాలేదు. మీరు నెపోలియన్ కుర్చీలో కూర్చోని, కుతుజోవ్ కుర్చీలో ఉండామనుకుంటా ఉండారు.”

జయరావు వానను చూశాడు. దాని గురించి ఇప్పుడు వ్యాఖ్యానించడం మంచిది కాదని గ్రహించాడు.

“అడిగితే రెండు జవాబుల్లో ఒకటి పోతుందండీ. అదీ నా భయం.”

“అడక్కుంటే రెండూ పోతాయి. మీ శాస్త్రంలో ఎట్లనో నాకు తెలీదు. నా శాస్త్రంలో వాడకుండా పెట్టింది ఉన్నట్టు ఉండదు, కరిగిపోతుంది. నేను జారును కాను జయరావు గారూ. అడిగితే జవాబు చెప్తాను.”

అతడు గోడను వదిలాడు. రెండు కాళ్లూ వణుకుతూనే ఉన్నాయి.

“సంతోషమ్మా, నన్ను పెండ్లి చేసుకుంటావా?”

“చేసుకుంటాను,” అన్నది ఆమె, టేపు మీది అంకె చదివినట్లు. క్షణం ఆగి, “గురువారమే అడిగి ఉంటే టేపు అంత బిగించి ఉండను,” అని చేర్చింది.

“మీ నాయన గారిని ఇట్ల పిలవండి. చెప్తాను.”

“ఆయనెందుకు రావాల? మీరే ఆడికి నడిచిపోవాల.”

కర్రల మీద నిలబడి చూస్తే వరండా అంతులేని పొడవుగా కనిపించింది. ఆమె అతనికి ఎదురుగా, అతన్నే చూస్తూ వెనక్కు వెనక్కు నడిచింది. చేయి మాత్రం ఇవ్వలేదు. రెండు చోట్ల అతడు ఆగాడు. ఆగిన ప్రతిసారీ ఆమె కూడా ఆగింది.

“ఏమబ్బా, లేచినావే,” అన్నారు ఏసుపాదం గారు కాగితాలు పక్కన పెట్టి. “కూర్చో, కూర్చో.”

“నిలబడే చెప్తాను సార్. మొన్న మీకు అబద్ధం చెప్పినాను. రేణిగుంట సంబంధానికి నాకు అభ్యంతరం ఉండాది. సంతోషమ్మను నాకిచ్చి చెయ్యండి.”

ముసలాయన కళ్లద్దాలు తీశారు. కుమార్తె వైపు చూశారు. ఆమె తల వంచుకోలేదు, చూపు తిప్పుకోలేదు. ఆయనకు కావలసిన జవాబు దొరికింది.

“ఇది ఎప్పట్నుంచి?”

“వచ్చిన మరుసటి దినం నుంచి సార్.”

“మరి ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉంటివి?”

“మీరు చెప్పిందే సార్. ఊరకుంటిని.”

ఏసుపాదం గారు పక్కన పెట్టిన కాగితాల వైపు చూశారు. బోధించిన పాఠాన్ని విద్యార్థి ఎక్కడ పెట్టుకున్నాడో తెలిసిన ఉపాధ్యాయుడి చూపు అది.

“నేను చెప్పింది యుద్ధానికయ్యా. పెండ్లికి కాదు. ఈమె తల్లిని అడిగేదానికి నేను బండి కోసం గూడా కాచుకోకుండా నగరి దాకా నడిచి పోయినోణ్ణి.”

ఆయన లేచి, జయరావు తల మీద చేయి పెట్టి, కుమార్తెను దగ్గరకు రమ్మని, రెండో చేయి ఆమె తల మీద ఉంచి, పెదవులు మాత్రమే కదిలేటట్లు ప్రార్థించారు. తరువాత గొడుగు తీసుకున్నారు.

“యాడికి నాయనా?” అన్నది సంతోషమ్మ.

“రేణిగుంటకు. మంచి మనుషులు, ఇంత దూరం రప్పించి కాదని చెప్పేది మర్యాద కాదు. ఈ పొద్దే పోయి నేనే చెప్పాల. ఇప్పుడు పోతే పాకాల మీద పోయే బండి దొరుకుతాది.”

“వాన తగ్గినాక పోవచ్చు కదా.”

“ఊరకుండమ్మా,” అంటూ ఆయన మెట్లు దిగారు. పంచెను ఒక చేత్తో ఎత్తిపట్టుకొని, నీటి గుంటలను లెక్కచేయకుండా, తన వయస్సుకు తగని వేగంతో స్టేషను దారి పట్టారు. గొడుగు మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

“ఇంక వెనక్కి నడవాల,” అన్నది సంతోషమ్మ.

“మళ్లీ అంత దూరమా?”

ఆమె చేయి అందించింది.