పేరుకి కలిసిన మాట

"మా మామ్మ ముత్యాలమ్మ
మహా గయ్యాళమ్మ
తట్ట నిండా తగవులమ్మ!"

ఈశ్వరి పద్యం చదవగానే తరగతంతా ఘొల్లున నవ్వింది. కొత్త ఒరిస్సా రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, గోపాలపూర్‌లో ఒక చిన్న బడి అది.

"మాటల చప్పుడు బాగుంది," అన్నారు వేంకటరమణమూర్తి మాస్టారు. "మీ మామ్మ అంత గయ్యాళా?"

"కాదు మాస్టారూ. పేరుకి కలిసిందని ఎట్టేసాను."

మాస్టారు ఏదో చెప్పబోయారు. ఇంతలో గంట కొట్టారు. పిల్లలు బయటికి పరుగెత్తారు.

సాయంత్రానికి పద్యం వీధికెక్కింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మామ్మ వస్తోంది. వెనకాలే ఈశ్వరి తరగతి పిల్లాడు పైడన్న, మరో నలుగురు పిల్లలు చప్పట్లు కొడుతూ, "ముత్యాలమ్మ, గయ్యాళమ్మ!" అని పాడుతున్నారు.

"ఎవుల్రా కట్టినారు ఈ పాట?" అంది మామ్మ.

"నీ మనవరాలే!" అన్నాడు పైడన్న.

మామ్మ గుమ్మంలో ఉన్న ఈశ్వరి వైపు చూసింది. తట్ట దించి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఈశ్వరికి.

మర్నాడు మామ్మ "చేపలో!" అని కేక వెయ్యకుండానే వీధులన్నీ తిరిగింది. కేక వినపడకపోతే తలుపులెవరు తీస్తారు? నెత్తళ్ళ చేపలన్నీ ఇంటికే తిరిగొచ్చాయి.

"కేకెయ్యలేదేటి మామ్మా?"

"నోరిప్పితే గయ్యాళంటారు గదే!"

ఈశ్వరికి ఏడుపొచ్చింది. "తప్పయిపోనాది మామ్మా. ఇంకో పాట కడతాను." గబగబా పలక తెచ్చి, "గాజులు గలగల" అని రాసి వినిపించింది.

"నాకు గాజులెక్కడున్నాయే?" మామ్మ ఖాళీ చేతులు చాచింది.

ఈశ్వరి పలక తుడిచేసింది.

ఆదివారం ఈశ్వరి మామ్మ వెనకాలే నడిచింది. ఈసారి మామ్మ అడుగుల చప్పుడికి చెవులు రిక్కించుకుని నడిచింది. మొదటి వీధి మలుపులో గొంతెత్తింది.

"ఇసక మీద చరచర
తట్టలోన తళతళ
నెత్తళ్ళన్నీ మిలమిల
మామ్మ వచ్చె బిరబిర!"

తలుపులు తెరుచుకున్నాయి. రెండో వీధిలో మామ్మ కూడా గొంతు కలిపింది. మూడో వీధిలో ఈశ్వరి గొంతు ఎవరికీ వినపడలేదు. అంతా మామ్మ కేకే!

పైడన్న పరుగెత్తుకొచ్చాడు. "సివర్న 'మా మామ్మ ముత్యాలమ్మ, మహా శాంతమ్మ' అని ఎట్టవే. బాగా కలుస్తాది!"

ఈశ్వరి మామ్మ వైపు చూసింది. మామ్మ నడుం మీద చెయ్యేసుకుని ఎవరో బేరగత్తెను నిలదీస్తోంది. "అంత సవగ్గానా? సముద్రం మీ తాత తవ్వించాడేటమ్మా?"

"కలిసినా ఒద్దురా," అంది ఈశ్వరి. "అది మా మామ్మ కాదు."