మురిష్ పేరు చెప్పని చేను

కూమ్‌దూవ్ ఊళ్ళో ఆ మధ్యాహ్నం వాన లేదు. నవంబరు నెలలో బ్రాండన్ కొండ పడమటి వైపు వాన లేని పూట దొరకడమే అపురూపం. అందుకే లీహీ మాస్టారు పటం చంకన పెట్టుకుని, సైకిలు తోసుకుంటూ మురిష్ ఇంటికి ఎక్కి వచ్చాడు.

మాస్టారు బడి నుంచి రిటైరై మూడేళ్ళయింది. ఊరికే కూర్చోలేక, డబ్లిన్‌లో ఎవరో అడిగారని, ఆ చుట్టుపక్కల ప్రతి చేనుకూ, ప్రతి బండకూ జనం పిలుచుకునే పేర్లు రాసిపెడుతున్నాడు. మనుషులు పోతే పేర్లూ పోతాయని ఆయన బెంగ. మురిష్‌కి యాభై కూడా నిండలేదు గానీ, ఆ కొండమీద గొర్రెలు కాసిన కుటుంబం వాళ్ళది. వాడికి తెలియని గట్టు లేదు.

మురిష్ భార్య గొబ్నెట్ టీ పోసి, రొట్టె కోసి వెన్న రాసి పెట్టింది. బురదనేలలో కోసి ఎండబెట్టిన పీట్ గడ్డలు పొయ్యిలో మెల్లగా రాజుకుంటున్నాయి. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. మాస్టారు బల్లమీద పటం పరిచి పెన్సిల్‌తో పొడిచాడు.

"ఇది?"

"విధవరాలి మడి."

"ఏ విధవరాలు?"

"మా తాతక్కూడా తెలీదు మాస్టారూ. మొగుడు పోయినా పొలం వదల్లేదంటే గట్టి మనిషే అయ్యుంటుంది."

"మరి ఇది?"

"ఎద్దు జారిన బండ."

"జారి ఏమైంది?"

"ఏమవుతుంది? ఆ ఏడాది క్రిస్మస్‌కి అందరూ మాంసం తిన్నారు."

గొబ్నెట్ నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు వినపడి చాలా రోజులైంది. మురిష్‌కి హుషారొచ్చింది. పొగమంచు గట్టు, పుల్లపాల ఊట, మేరీ బట్టలారేసిన పొద, దొంగ దాక్కున్న సందు... సముద్రం అంచు దాకా వరసగా చెప్పుకుపోయాడు. మాస్టారు రాయలేక చెయ్యి విదిలించుకున్నాడు.

"ఇంకొక్కటే. వాగు పైన, రాతి గుడిసెలు దాటాక, గుండ్రంగా మట్టికట్ట గీశారు చూడు. దీన్నేమంటారు?"

మురిష్ కప్పు కింద పెట్టాడు.

"దానికి పేరు లేదు."

"అదేంటయ్యా! గొర్రె చీదిన రాయికి కూడా పేరు చెప్పావు."

"లేదన్నాగా మాస్టారూ."

పొయ్యి దగ్గర గొబ్నెట్ వెనక్కి తిరగలేదు. చేతిలోని పటకారు మాత్రం అలాగే ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా ఆమె వెతుకుతున్నది ఆ గుండ్రటి గీతలో ఉందని ఆ క్షణంలో ఆమెకు తెలిసిపోయింది.

పన్నెండేళ్ళ కిందట, ఇలాంటి నవంబరులోనే, గొబ్నెట్‌కి ఆడపిల్ల పుట్టింది. కాన్పు చేసింది మురిష్ తల్లి హన్నా. పిల్ల ఏడవలేదు. హన్నా బొడ్డు కోసి, తన పాత శాలువా ముక్కలో చుట్టి, మొహమైనా చూపించకుండా బయటికి తీసుకుపోయింది. "ఏడవలేదే తల్లీ, దేవుడు ఇవ్వలేదనుకో" అంది అంతే. జ్ఞానస్నానం లేని పిల్లని చర్చి శ్మశానంలోకి రానివ్వరు. అలాంటి పిల్లల్ని తండ్రే పెట్టెలో పెట్టుకుని, తెల్లవారకముందే ఎవరికంటా పడకుండా కిల్లీన్ అనే విడి శ్మశానానికి తీసుకుపోవాలి. ఊరికో కిల్లీన్ ఉంటుంది, ఏ పాత కోటలోనో, సముద్రపు గట్టు మీదో. అక్కడ రాళ్ళుంటాయి గానీ రాతలుండవు. ఎక్కడ పెట్టిందీ తల్లికి చెప్పరు. చెబితే వెళ్ళి అక్కడే కూర్చుంటుందని భయం.

ఆ తర్వాత వాళ్ళకి పిల్లలు పుట్టలేదు. గొబ్నెట్ మొదట్లో అడిగేది. తర్వాత బతిమాలింది. తర్వాత మానేసింది. పిల్లకి నెస్సా అని తన నాయనమ్మ పేరు పెట్టుకుంది, మనసులోనే. హన్నా ఆ రహస్యంతోనే పోయింది. మురిష్ మాత్రం ఎప్పుడడిగినా ఆ ఒక్క విషయంలో నోరు విప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం మురిష్ గాడిద బండి కట్టుకుని చేలకి ఎరువుగా నాచు తెచ్చుకోవడానికి రేవుకి దిగాడు. బండి చప్పుడు వంపు తిరగ్గానే గొబ్నెట్ కోటు తొడుక్కుని కొండ ఎక్కింది.

రాతి గుడిసెలు దాటింది. ఎర్రబారిన ఫెర్న్ పొదలు పాదాలకు చుట్టుకున్నాయి. ఆ పైన మట్టికట్ట కనిపించింది. ఛాతీ ఎత్తున, చుట్టూ గుండ్రంగా, ఒకచోట మాత్రం మనిషి పట్టేంత సందు. సందు పక్కనే నిలువురాయి. దాని అంచున పాతకాలం వాళ్ళు చెక్కిన అడ్డగీతలు. ఆ గీతలు చదివేవాళ్ళు ఇప్పుడు ఆ కొండమీద ఎవరూ లేరు.

లోపల అడుగు పెట్టగానే వాగు చప్పుడు ఆగిపోయింది. దూరమైపోవడం కాదు, ఆగిపోయింది.

రాళ్ళు. ఇటుక కన్నా పెద్దవి కావు. వంకర వరసల్లో, గడ్డిలో సగం కూరుకుపోయి, ఇరవయ్యో ముప్ఫయ్యో. కొన్నిటి నెత్తిన తెల్లటి పలుగురాయి ముక్క. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటిగా రాళ్ళు తడిమింది. ఏది? ఏ రాయీ పలకలేదు.

"నెస్సా" అంది. ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

అప్పుడు వాసన వచ్చింది. తడి గడ్డి వాసన కాదు, గొర్రెల వాసన కాదు. పాలు తాగి పడుకున్న పిల్ల మెడ ముడతల్లోంచి వచ్చే పుల్లటి వెచ్చటి వాసన. చెల్లెళ్ళని ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె, ఆ వాసన ఎన్నేళ్ళయినా మరచిపోదు. గుండెల్లో ఏదో బరువుగా దిగింది. రవిక తడిగా తగిలింది. వాన పడుతోందేమోనని తలెత్తి చూసింది. వాన లేదు. కోటు తెరిచి చూసుకుంది. రెండు వైపులా రవిక తడిసిపోయి ఉంది.

పాలు.

పిల్ల పోయిన మూడోనాడు ఇలాగే తడిసింది. హన్నా గుడ్డ గట్టిగా బిగించి కట్టింది అప్పుడు. ఇప్పుడు ఆమెకి నలభై రెండేళ్ళు.

లేచి నిలబడేసరికి పొగమంచు దిగిపోయింది. కొండ లేదు, సముద్రం లేదు. ఇల్లు గుర్తొచ్చింది. మురిష్ వచ్చేలోపు వెళ్ళిపోవాలనుకుంది. మట్టికట్ట మీద చెయ్యి ఆనించి నడిచింది. నిలువురాయి వచ్చింది. పక్కనుండాల్సిన సందు లేదు. ఇంకా నడిచింది. మళ్ళీ నిలువురాయి. సందు లేదు. మూడోసారి కూడా రాయి వచ్చింది, వేళ్ళకి గీతలు తగిలాయి, సందు మాత్రం...

ఊళ్ళో చెప్పుకునే, దారి తప్పించే పచ్చికగడ్డ తొక్కానని తెలుసుకుంది. ఆ గడ్డ తొక్కితే సొంత పెరట్లో కూడా దారి దొరకదు. దానికి విరుగుడు ఆ వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. కోటు విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి తొడుక్కోవాలి. అంతే. గొబ్నెట్ ఒక చెయ్యి బయటికి లాగింది.

"అమ్మా..."

చాలా మెల్లగా. నేలలోంచి కాదు. ఆమె మోచేతి పక్కన.

ఆమె తిరిగి చూడలేదు. చూస్తే ఏమీ ఉండదేమోనని భయం. ఉంటుందేమోనన్న భయం కన్నా ఆ భయమే పెద్దది. కోటు ఒక భుజాన వేలాడుతోంది. తిప్పి తొడుక్కుంటే దారి దొరుకుతుంది. దొరికితే ఇంటికి పోవాలి... లాగిన చెయ్యి మళ్ళీ కోటులోకి దూర్చి, రాళ్ళ మధ్య కూలబడింది. ఎంతసేపు కూర్చుందో తెలీదు. వెలుతురు బూడిదరంగుకి తిరిగింది.

"గొబ్నెట్!"

మురిష్ గొంతు, కట్టకి అవతల. ఇంటికొచ్చి చూస్తే పొయ్యి ఆరిపోయి ఉంది. పన్నెండేళ్ళలో ఎప్పుడూ ఆరని పొయ్యి. ఎక్కడికెళ్ళిందో వాడికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"గొబ్నెట్! ఉన్నావా? కోటు తిప్పేసుకో పిచ్చిదానా! తిప్పుకుని నా గొంతు వైపు రా!"

"నువ్వే లోపలికి రా."

"నేను రాను."

"ఏ రాయో చెప్పు. అప్పుడొస్తా."

"నీ కాళ్ళు పట్టుకుంటా, బయటికి రా. చీకటి పడుతోంది."

"నా కాళ్ళెందుకు? పెళ్ళాన్ని ఇందులో వదిలి కట్టకి అవతల నిలబడ్డావు, మగాడివేనా? ఏ రాయి మురిష్?"

 కట్టకి అవతల వాడు ఏడుస్తున్నట్టు తెలిసింది.

"నీకు చెప్పకూడదని కాదు" అన్నాడు. "చెబితే అంతా చెప్పాలి గదా అని."

"చెప్పు."

"పెట్టె దింపాను. సగం మట్టి వేశాను. అప్పుడు... ఏడుపు వినపడింది."

గొబ్నెట్ చేతులు గడ్డిలో బిగుసుకున్నాయి.

"ఎక్కడ్నుంచి?"

"తెలీదు. అదే తెలీదు. ఇక్కడ పొద్దుటి పూట పిల్లలు ఏడుస్తారని మా నాన్న చెప్పేవాడు. ఆ ఏడుపే అనుకున్నా. నేలలోంచే వస్తోంది. కానీ పెట్టె కూడా నేలలోనే ఉంది గదా గొబ్నెట్... పిల్ల పోయిందని మా అమ్మ చెప్పింది. మా అమ్మ ఎన్ని కాన్పులు చేసింది! అమ్మకి తెలీదా అనుకున్నా."

"మూత తీశావా?"

"లేదు."

"ఏం చేశావు?"

"మిగతా మట్టి వేశాను." వాడు ముక్కు ఎగబీల్చాడు. "గబగబా వేశాను."

పొగమంచులో రాళ్ళు ఒక్కొక్కటే మసకబారుతున్నాయి. ఆమె అడిగింది.

"ఎంతసేపు ఏడ్చింది?"

"నేను ఉండలేదు."

పన్నెండేళ్ళు ఒకే దుప్పటి కింద పడుకున్నారు. వాడు నిద్రలో లేచి కూర్చుని చెవులు మూసుకుంటే, పిల్ల మీద దిగులనుకుని ఆమె వీపు నిమిరేది. ఇప్పుడు తిట్టాలనుకుంది. 

"రా" అంది. "వచ్చి చూపించు."

వాడు కట్ట ఎక్కి దాటి వచ్చాడు. తల దించుకుని, రాళ్ళ మధ్య తప్పు పడకుండా నడిచి, నిలువురాయికి తూర్పున నాలుగో రాయి దగ్గర ఆగాడు. ఆమె ఇందాక తడమని రాయి అదొక్కటే. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వారు, ఆమె పలకరాతితో, వాడు ఉత్త చేతులతో. వాడి గోళ్ళలోంచి నెత్తురు కారుతున్నా ఆపలేదు. జానెడు లోతులోనే చెక్క తగిలింది.

చిన్న పెట్టె. తేమకి నల్లబడింది గానీ చివకలేదు. మూత మీద నాలుగు మేకులూ వాడు కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి, తుప్పు పట్టి చెక్కలో కలిసిపోయి.

"వద్దు" అన్నాడు మురిష్. "గొబ్నెట్... చూడొద్దు."

"ఇన్నేళ్ళూ నువ్వు చూడకపోవడం చాల్లే."

పలకరాతి అంచు దూర్చి పైకి మీటింది. మేకులు ఒక్కొక్కటే కీచుమంటూ ఊడాయి. లోపల హన్నా శాలువా ముక్క, చుట్టలా చుట్టి. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది, పిల్లని ఎత్తినట్టే, తల ఉండాల్సిన చోట అరచెయ్యి ఆనించి. బరువు లేదు. మడత విప్పింది. ఇంకో మడత విప్పింది. ఎముకలు లేవు. ఆ కొండమీది పుల్లనేల పసి ఎముకల్ని మిగల్చదని ఇద్దరికీ తెలుసు. మురిష్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఏమీ లేకపోతే ఏమీ తెలీదు. తెలీకుండా ఇంకా బతకొచ్చు.

చివరి మడతలోంచి తెల్లటిదేదో జారి గొబ్నెట్ అరచేతిలో పడింది.

"ఏంటది?" గుసగుసగా అడిగాడు. "పలుగురాయా?"

ఆమె దాన్ని వేలితో తిప్పి చూసింది. ఎనిమిది మంది చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ పెద్దక్క ఆమె. ఇలాంటివి ఎన్ని చూసిందో లెక్కలేదు. ఆరేడేళ్ళ పిల్లలు రోజుల తరబడి నాలికతో కదిపి కదిపి, చివరికి అమ్మకి చూపించడానికి పరిగెత్తుకొస్తారే, అలాంటి ముందుపన్ను. పాలపన్ను. కింద వేరు అరిగిపోయి, దానంతటదే ఊడింది.

మురిష్ దగ్గరికి వంగాడు. వాడికీ అర్థమైంది. పుట్టిననాడే పూడ్చిన పిల్లకి పన్ను ఊడే వయసు ఈ నేలలోనే వచ్చింది.

గొబ్నెట్ మెల్లగా గుప్పిట మూసింది. నవంబరు చలికి ఆమె వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి.

పన్ను మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.