గేటు మీద బోర్డు

ఏవండీ, ఫోన్ పట్టుకున్నవాళ్ళూ, మిమ్మల్నే! ఆ బొటనవేలిని కాసేపు ఆపండి. దాని దూకుడు చూస్తుంటే కథ మొదలవకముందే ఏదో ఒకటి నొక్కేసేలా ఉన్నారు. "నన్నెవరు మోసం చేస్తారు, నేను అన్నీ చదివే నొక్కుతాను" అని నవ్వుకుంటున్నారు కదూ? నవ్వుకోండి. హఫీజ్‌పేటలో అబ్రహాం కూడా ఆ పొద్దున అలాగే నవ్వుకున్నాడు.

జీడిమెట్ల మందుల కంపెనీలో వ్యాన్ నడిపి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ఉద్యోగం ఒక్కటే, భార్య సారమ్మను ఆటపట్టించడం. ఆ పొద్దున సోఫాలో కూర్చుని ఫోన్లోంచి కుక్కర్ విజిల్ మోగించాడు. బట్టలు జాడిస్తున్న సారమ్మ తడి చేతులతోనే వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి మీద కుక్కరే లేదు.

"నీ ఆటలల్ల మన్నువడ! ముసలోనివైనా బుద్ధి రాకపాయె."

"ముఫ్త్‌ల వచ్చిన యాప్‌నే ఇది, పైస ఖర్చు లేదు! పోలీసు సైరను, పిల్లి ఏడుపు, అన్నీ ఉన్నయి. వినిపియ్యాల్నా?"

ఈ గోలేదీ పట్టనిది కూతురు జాయ్స్ ఒక్కతే. టీ చల్లారిపోతోంది, ఆమె హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతోంది. హైటెక్ సిటీలో ఆమెది డిజైన్ పని. ఫోన్లో యాప్‌లు దొరికే దుకాణం ఉంటుందే, దాని పేజీలు గీస్తుంది. ఉట్టినే వచ్చే యాప్ ఏదో, నెలనెలా ఖాతాలోంచి చందా కోసుకునే యాప్ ఏదో చూడగానే తెలిసిపోవాలని కొత్త పేజీ తయారుచేసింది. ఆ పొద్దునే దాని మీద మీటింగు. ఒప్పుకున్నారంటే లక్షల ఫోన్లలోకి వెళ్తుంది. ఆఫీసులో అందరూ బాగుందన్నారు. అయినా ఆమె నమ్మకం అమ్మ మీదే. అమ్మకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే. వారంగా రోజూ అడుగుతోంది, సారమ్మ ఒక్కసారీ తప్పు చెప్పలేదు. మరెందుకో కాలు మాత్రం ఒకచోట నిలవడం లేదు.

"అమ్మా, ఆఖరుసారి. ఈ రెండిట్ల నెలనెలా పైసలు కోసేది ఏది?"

సారమ్మ వేలు ఎడమవైపుకి వెళ్ళింది. గాల్లోనే ఆగింది. మెల్లగా కుడివైపుకి జరిగింది.

"గిదే బిడ్డా."

"కరెక్ట్!" జాయ్స్ బ్యాగు భుజాన వేసుకుంది.

అబ్రహాం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. చొక్కా జేబు తడుముకున్నాడు. సారమ్మ కళ్ళద్దాలు అందులోనే ఉన్నాయి. ఆటపట్టిద్దామని లేవగానే ఆయనే దాచాడు.

"ఏమే, అద్దాలు లేంది నీకు బియ్యంల రాయి కనవడదు. గంత చిన్న అక్షరాలు ఎట్ల చదివినవ్?"

జాయ్స్ గుమ్మంలోనే నిలబడిపోయింది. వెనక్కి వచ్చి, నాన్న జేబులోంచి అద్దాలు తీసి అమ్మకు పెట్టింది. తన మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు."

సారమ్మ వేలు తప్పు దాని మీద పడింది. జాయ్స్ యాప్‌లు మార్చి మళ్ళీ అడిగింది. మళ్ళీ తప్పే.

"ఇన్ని రోజులు నాతో ఆడుకున్నవా అమ్మా? డాడీకి తోడు నువ్వు గూడ షురూ చేసినవా? నువ్వు చెప్పిందే నమ్మి అందరి ముంగట నిలవడెటిదాన్ని!"

"గట్ల అరవకే." అంది సారమ్మ. "నా జీవితమంత దవాఖానల నర్సు పని చేసిన. నోరు లేవనోళ్ళకు యాడ నొస్తుందో మొహం జూసి చెప్పిన. నా బిడ్డ మొహం నాకు తెల్వదా? తప్పు దాని మీద వేలు పెట్టవోతే నువ్వు ఊపిరి బిగవడతవు. ఇంకో దాని మీదికి జరిపితే ఇడుస్తవు."

"తెలుస్తలేదని ఒక్క మాట చెప్పొచ్చు గదా?"

"ఎట్ల చెప్పాలె? సరిగ్గ తింటలేవు, నిద్ర పోతలేవు. తప్పంటే మళ్ళ మొదటికెల్లి కూసుంటవని భయం."

జాయ్స్‌కి కోపం ఇంకా ఉంది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వారం రోజులు తను పేజీని పరీక్షించాననుకుంది. అమ్మ మాత్రం పేజీ వైపు చూడనే లేదు, తననే చూస్తూ కూర్చుంది. కుర్చీలో కూలబడి చున్నీతో కళ్ళు ఒత్తుకుంది.

"నీలాంటోళ్ళ కోసమే గీసిన అమ్మా. ఇప్పుడు నిజం చెప్పు. నీకు ఏం సమజైతలేదు?"

సారమ్మ ఫోన్‌ని దగ్గరికి తీసుకుంది. "ఈ మూలకు గుండ్రంగ తిరిగే బాణం ఉంది గదా, ఇది బట్టల మిషిన్ గుర్తనుకున్న."

నెలనెలా తిరిగి వచ్చే చందాకి ఎంతో ఆలోచించి జాయ్స్ గీసిన గుర్తు అది. ఏడుపులోనే నవ్వొచ్చేసింది.

"మన గల్లీల జూడు," అంది సారమ్మ. "కిరాయి ఇల్లయితే గేటు మీదనే బోర్డు కడ్తరు. ఇంట్లకు వొయ్యి మంచం ఏసుకున్నంక, కిరాయి అని చెవుల చెప్తరా?"

జాయ్స్ కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ తర్వాత మేనేజర్ జ్యోత్స్నకి ఫోన్ చేసింది. "మేడం, మీటింగ్‌లో నా పేజీ పెట్టొద్దండి. నేను టెస్ట్ చేసిన పద్ధతే తప్పు. సాయంత్రానికి వేరేది ఇస్తాను." అటువైపు నుంచి చీవాట్లు గట్టిగానే పడ్డాయి. గడువు మాత్రం దొరికింది.

ఆ రోజంతా ఇంట్లోనే కూర్చుని గీసింది. బాణం గుర్తు పోయింది. యాప్ తీసుకునే బటన్ మీదే, వేలు పడే చోటే, "కిరాయి, నెలనెలా" అని బోర్డు వచ్చింది. సారమ్మ మధ్యలో రెండుసార్లు పెరుగన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. సాయంత్రం జాయ్స్ గోడవైపు తిరిగి నిలబడి అడిగితే, సారమ్మ తడుముకోకుండా చెప్పింది. అన్నీ ఒప్పే.

"ఇగ నాకు పెట్టు పరీక్ష," అని అబ్రహాం మీసం తిప్పాడు. జాయ్స్ ఆయన ఫోన్లో ఉన్న యాప్‌లనే కొత్త పేజీలో పేర్చి చూపించింది. ఆయన పకపకా నవ్వాడు. "తప్పు జేసినవ్ బిడ్డా! నా కుక్కర్ విజిల్‌కు కిరాయి బోర్డు తగిలిచ్చినవ్. అది ముఫ్త్!"

"మూడు రోజులే ముఫ్త్ డాడీ. తర్వాతకెల్లి నెలనెలా కోస్తనే ఉన్నరు. బ్యాంకు మెసేజ్‌లు చదవలేదా?"

"అవి ఎవలు చదువుతరే!"

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. అబ్రహాం ఉలిక్కిపడి తన ఫోన్ చూసుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు, గిది అసలుదే. దీనికి కిరాయి లేదు," అంది సారమ్మ వంటింట్లోంచి.

చూశారా, విజిల్ విని పరుగెత్తిన సారమ్మకి పైసా పోలేదు. ఇంటిల్లిపాదినీ ఫూల్ చేస్తున్నాననుకున్న అబ్రహామే, పాపం, తను ఫూల్ అయినందుకు నెలనెలా చందా కట్టాడు.