నాలుగు స్పీకర్లలో అవ్వ గొంతు

"అది పాటా? ఇంజనే భయపడి దగ్గింది!" అంటూ అవ్వ రంగమ్మాళ్ కారు దిగి తలుపు ధడాలున వేసింది.

"స్టీరియో మూగదయితే డ్రైవరు పాడక ఏమి చేసేది? పొల్లాచ్చినించి సూలూరుదాకా నిద్ర రాకుండా ఉండల్ల కదమ్మా?" దురైసామి డిక్కీలోంచి కొబ్బరికాయల సంచి దించుతూ అన్నాడు.

"నిద్ర కాదురా, నాకు ప్రాణమే పోయేటట్టుండె."

వాకిట్లో నిలబడిన శ్రీరంజని నవ్వు ఆపుకోలేకపోయింది. తండ్రి అది చూడనే చూశాడు.

"చెడగొట్టిన పిల్ల ఆడ నిలబడి నవ్వుతుండాది చూడు!"

"చెడగొట్టలేదప్పా. కొత్త స్టీరియోలో లైటు వస్తుండాది, పాట పేరు వస్తుండాది. సౌండు మాత్రమే రాలేదు."

"స్టీరియోలో సౌండు కాక ఇంకేం రావల్ల? కాఫీనా?"

పాత క్యాసెట్ సెట్టు తీసేసి కొత్తది తానే బిగిస్తానని పట్టుబట్టింది రంజనే. తుడియలూరులోని పంపుసెట్ల కంపెనీలో మోటార్లు టెస్ట్ చేసే ఇంజనీరు ఆమె. నాలుగు స్పీకర్ల వైర్లు ఎంతలే అనుకుంది.

వంటింట్లోంచి అమ్మ పంకజవల్లి కేకేసింది. "ఆదివారం మదురైకి పోవల్ల. పెళ్ళి పిల్లోడి ఇంట్లో ఎదురు చూస్తుంటారు. ఈ కారు గొడవ అంతలోపల తీర్చండి."

"నేను రానని చెప్పినా కదమ్మా! ఫోటోలో అతను కూలింగ్ గ్లాసు తియ్యలేదు. ముఖమే కనపడకుండా ఎట్ల సరి అనేది?"

దురైసామికి హుషారు వచ్చింది. "సరే కన్నూ, పందెం. ఆదివారం లోపల నాలుగు స్పీకర్లలో పాట వస్తే మదురై ప్రయాణం నీ ఇష్టం. రాలేదంటే నోరు మూసుకొని కారెక్కల్ల. దారి పొడుగునా నా పాట వినల్ల."

రంగమ్మాళ్ గుండె పట్టుకుంది. "ఎట్లయినా సరిచెయ్యి కన్నూ! నీకోసం కాదు, నాకోసం."

శుక్రవారం సాయంత్రం రంజని కంపెనీనుంచి నేరుగా కారును దాని పక్కవీధిలోనే ఉన్న కార్ ఆడియో షాపుకు తీసుకుపోయింది. లోపలున్న కుర్రాడి పేరు అశ్విన్, షాపు అతనిదేనట. డాష్‌బోర్డు కింద టార్చి వేసి చూసి, ఆ ఊళ్ళో అందరిలాగే తమిళంలో అడిగాడు.

"ఈ జాయింట్లు ఎవరు వేశారు?"

"ఎందుకు?"

"ఇంత నీటుగా తప్పు చేసినవాళ్ళను నేనింతవరకు చూడలేదు."

రంజనికి చెవులు వేడెక్కాయి. "ఏది తప్పు?"

"నాలుగు స్పీకర్ల మైనస్ వైర్లూ ఒకటిగా చుట్టి బాడీకి బిగించారు. ఈ కాలం సెట్టులో ఒక్కొక్క స్పీకరుకూ దాని జత వైర్లు దానికే ఉండాలి. బాడీకి తగిలితే సెట్టు తన్ను తాను కాపాడుకోవడానికి నోరు మూసుకుంటుంది."

"మా పంపుసెట్ల కంపెనీలో ఎర్త్ చేయకుండా దేన్నీ ఆన్ చేయనివ్వరు!"

"ఇది పంపుసెట్టు కాదండీ. బావిలో దించేది కాదు."

అంతే. రంజని కారెక్కి, అద్దం పైకెత్తి, ఇంటికి వచ్చేసింది. రాత్రి భోజనం దగ్గర అవ్వకు జరిగినదంతా చెప్పింది. తిట్టినవన్నీ గట్టిగా, మధ్యలో ఒక్క మాట మాత్రం మెల్లగా.

శనివారం పొద్దున వాకిట్లో మీటరు పట్టుకొని కూర్చుంది. కొత్త సెట్టునుంచి వచ్చే మైనస్ వైరును విడదీసి, బాడీకీ దానికీ మధ్య మీటరు పెట్టింది. సున్నా చూపాల్సిన ముల్లు ఆరు వోల్టుల దగ్గర నిలిచింది. అది ఉత్త మైనస్ కాదు. అతను చెప్పిందే నిజం. రంజనికి తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేదు, కానీ మీటరుతో దెబ్బలాడే అలవాటు అంతకన్నా లేదు.

షాపు ముందు కారు ఆపేసరికి సన్నగా తుంపర మొదలైంది.

"మీరు చెప్పింది సరి. మీటరు పెట్టి చూశాను."

"అంటే నన్ను నమ్మలేదు, మీటరును నమ్మారు."

"మీటరు పొగరుగా మాట్లాడదు."

అశ్విన్ నవ్వాడు. నవ్వితే ఆ కళ్ళు ఇంకా చిన్నవై, ఇంకా బాగుంటాయని తెలిసి రంజనికి చిరాకేసింది.

కారును షెడ్డు కిందికి తోశారు. ఇద్దరూ చెరోవైపు కూర్చొని పాత జాయింట్లు విప్పి, జతకు జత కలిపి టేపు చుట్టారు. పని మధ్యలో ఆమె సూలూరు ఇంటి సంగతీ, పందెం సంగతీ చెప్పింది.

"అయితే పాట వస్తే మదురై పెళ్ళికొడుక్కి నష్టం," అన్నాడతను. "నాకేం లాభం?"

"వైరు పట్టుకోండి."

పాట వచ్చింది! అశ్విన్ ఒక్కొక్క స్పీకరుకు సౌండు మారుస్తుంటే, రంజని కళ్ళు మూసుకొని చెప్పింది. "వెనక ఎడమ. వెనక కుడి. ముందర కుడి..." ఆగింది. పైన రేకు మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. "ముందర ఎడమ రాలేదు."

"స్పీకరులో కాయిల్ కాలిపోయి ఉంటుంది. కొత్తది వేయాలి."

"కాలలేదు." ఆమె బ్యాగులోంచి మీటరు తీసి స్పీకరుకే పెట్టింది. "నాలుగు ఓమ్స్. కాయిల్ బాగుంది. నేను రోజూ చూసేది కాయిళ్ళే. వైరే ఎక్కడో తెగింది. తలుపు సందులో చూడండి."

అశ్విన్ తలుపు పక్కనున్న రబ్బరు గొట్టం లాగాడు. తెరిచి మూసి, తెరిచి మూసి, లోపల వైరు తెగి వేలాడుతోంది. రంగమ్మాళ్ కూర్చునే వైపు తలుపు అది. దురైసామి పాడే ప్రతి పాటకూ ధడాలున పడే తలుపు.

అశ్విన్ రెండు చేతులూ జోడించాడు.

వైరు అతికించాక, "బ్లూటూత్ కూడా చూసేద్దాం," అని ఆమె ఫోను కలిపాడు. కలిపీ కలపకముందే ఫోను మోగింది. రంజని వేలు స్టీరియో మీదే పడింది. నాలుగు స్పీకర్లలోనూ రంగమ్మాళ్ గొంతు గణగణమని పలికింది.

"కన్నూ! పాట వచ్చెనా? ఆ పొగరుమోతోడు ఏమన్నా చేసినాడా? కన్నులు మాత్రం బాగుండాయంటివే, వాడు?"

రంజని మీటలన్నీ నొక్కింది. సౌండు ఇంకా పెరిగింది. పోనీలే, ఇతనికి మన తెలుగు ఎక్కడ తెలుస్తుంది అనుకుంటూ ఓరగా చూసింది.

అశ్విన్ స్టీరియో వైపు వంగి, తెలుగులో అన్నాడు. "కన్నులు మా అమ్మవి, అవ్వా. పొగరు మాత్రం నా సొంతం."

రంజని ముఖం రెండు చేతుల్లో దాచుకుంది.

"ఎవురు నాయనా నువ్వు? మనోళ్ళా?" అవ్వ గొంతు మారింది. "ఇంటిపేరేమి?"

రంజని చేతులు ముఖంమీదినుంచి దిగాయి. తమది గోగులవారి ఇల్లు. అతనిదీ అదే అయితే అన్నాచెల్లెళ్ళ వరస, అంతటితో సరి. నిన్న కోపం తెప్పించిన మనిషి ఇంటిపేరు కోసం తాను ఊపిరి బిగబట్టి ఉన్నానని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఎర్రమానోళ్ళం, అవ్వా."

"వేరే ఇల్లే!" నాలుగు మూలలనుంచీ కేక. "దురైసామీ! ఈడికి రా!"

రంజని ఫోను ఆపేసింది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. తరువాత ఇద్దరూ ఒకేసారి చూశారు.

"వచ్చే వారం ఒకసారి వచ్చి చెక్ చేయించుకోండి," అన్నాడు అశ్విన్. ఇప్పుడు తెలుగులోనే.

"నేను చుట్టిన టేపు. పాడయ్యేది కాదు."

"అదే భయం. మీరు రాకపోతే నేనే సూలూరు వస్తా. పనేం లేదు. చూసి పోయేదానికి."

"మీటరుకు సరేనంట," అంది రంజని, నవ్వు దాచుకోకుండా. "నాకూ సరి."

మధ్యాహ్నం అరిటాకుల ముందు అందరూ కూర్చున్నారు. దురైసామి అప్పటికే ఒంటరిగా కారులో వీధి తిరిగి, నాలుగు తలుపుల దగ్గరా చెవి పెట్టి విని వచ్చాడు. పంకజవల్లి రసం వడ్డిస్తూ తండ్రీకూతుళ్ళ ముఖాలు చూస్తోంది. రంజని అన్నం కలుపుతూనే ఉంది, తినడం లేదు.

"ఆ పిల్లోడు ఎట్లాంటోడు?" తండ్రి అడిగాడు.

"తప్పయితే ఒప్పుకుంటాడప్పా. నేను సరి అయితే చేతులు జోడించినాడు."

దురైసామి మజ్జిగ పోయించుకొని, అన్నమంతా కలిపి, అప్పుడు చెప్పాడు.

"మదురైకి ఫోన్ చేసి రామని చెప్పేసినా. పందెం పందెమే. రేపు కారు తుడియలూరు పోతుంది. ఎర్రమానోళ్ళ ఇంటికి, వాళ్ళతోనూ మాట్లాడినా. అందరం పోతాం."

రంజని తల ఎత్తలేదు. కానీ మొదటి ముద్ద నోట్లోకి పోయింది.

"అయితే ఒకటి," అన్నాడు దురైసామి. "పోయేటప్పుడు స్టీరియో ఆఫ్. పాడేది నేను."

అందరూ రంగమ్మాళ్ వైపు చూశారు. ఆమె ఆకు మడిచి, లేచి నిలబడింది.

"పాడురా," అంది. "పిల్ల పెళ్ళికోసం తలుపు కూడా మెల్లగానే వేస్తాను."