నిండు గీత, ముక్కల గీత

ఎల్డన్ ప్రోకప్ దగ్గర కారు నేర్చుకున్నవాళ్లు సస్కాచువాన్‌లోని ఆ చిన్న ఊళ్లో ఇంటికొకరైనా ఉంటారు. ఆయన పద్ధతి ఒకటే. నేర్చుకునేవాళ్లు రోడ్డు నడుమ పసుపు గీతను పైకి చదువుతూ నడపాలి. మన వైపు గీత ముక్కలుగా ఉంటే ముందు బండిని దాటొచ్చు, నిండుగా ఉంటే దాటకూడదు. నోరు చదువుతుంటే కళ్లు నిద్రపోవని ఆయన వాదం. తీరా ఇప్పుడు ఆయన కళ్లే మసకబారుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాటి నుంచి ఆయన్ని నమ్మి కారెక్కేవాళ్లుండరు.

నవంబరు సాయంత్రం. కోతలైపోయిన గోధుమ చేల మీద పొగమంచు దిగుతోంది. బేకరీలో పనిచేసే వెర్లా స్టీరింగు పట్టుకుంది. భర్త పోయాక ఆమెకు బండి రాక గడవడం లేదు, ఇప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పింది. కారు ఆ భర్తదే, నేర్పే కార్లలోలా ఎల్డన్ కాళ్ల దగ్గర వేరే బ్రేకు లేదు. లోపల హీటరు వేడికి ఆమె కోటులోంచి దాల్చినచెక్క వాసన వస్తోంది. ముందు ధాన్యం లారీ ఒకటి నత్తనడక నడుస్తోంది.

"నిండు గీత," అని చదివింది వెర్లా.

ఎల్డన్ తొంగిచూశాడు. ముక్కలు. ఈ మధ్య ఆయనకు ఏదీ ఇంత స్పష్టంగా కనబడలేదు.

"ముక్కలే. దాటు."

"నిండుగా ఉంది మేష్టారూ."

"ఎవరికి ఎవరు నేర్పుతున్నారమ్మా? పరీక్ష తప్పింది నువ్వా, నేనా?"

ఆమె ముఖం ఎర్రబడింది. లారీని దాటడానికి ఎడమకు, ఎదురు బళ్లొచ్చే వైపుకు తిప్పింది. రోడ్డు ఎత్తెక్కుతోంది. ముక్క... ఖాళీ... ముక్క... ఎవరో రారమ్మని పిలుస్తున్నట్టే ఉంది ఎల్డన్‌కు. మెరక మీద రెండు దీపాలు లేచాయి. హారన్ మోగింది. వెర్లా బ్రేకు తొక్కి లారీ వెనక్కి దూరింది. ఎదురు బండి కారు అద్దాన్ని రాసుకుంటూ పోయింది.

పక్కకు ఆపాక ఎల్డన్ దిగి, మోకాళ్ల మీద వంగి గీతను చేత్తో తడిమాడు. నిండు గీత. ఎక్కడా తెగలేదు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

కార్లో కూర్చున్నాక ఆమె వంక చూడలేకపోయాడు.

"నా కళ్లు పోతున్నాయి వెర్లా. ఏడాదిగా దాస్తున్నాను. పొగరుకు పోయి నిన్ను చంపేసేవాణ్ణి. సిగ్గుగా ఉంది. ఇక నా మాట వినకు, నీ కళ్లనే నమ్ము."

"ఊరుకోండి, బతికే ఉన్నాంగా. ఇంటికెళ్లి టీ తాగుతూ ఏడుద్దురుగాని."

మళ్లీ బయలుదేరారు. చెప్పేశాక ఎల్డన్‌కు గుండె కాస్త తేలికపడింది, ముఖం మాత్రం ఎత్తలేదు. కొంతదూరం పోయాక పొగమంచులో అదే లారీ వెనక దీపాలు కనబడ్డాయి. రోడ్డు ఇంకో మెరక ఎక్కుతోంది. ఆయన తలెత్తి చూశాడు. గీత నిండుగా ఉంది.

"ముక్కల గీత," అంది వెర్లా మెల్లగా.

ఆయన కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"కాదు... నిండుగా ఉంది. ఆగు."

"ముక్కలే. ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు."

"వద్దు వెర్లా... నా మాట విను."

"వినొద్దని మీరే అన్నారుగా మేష్టారూ," అంది జాలిగా, ఎడమ సిగ్నల్ వేస్తూ.