ఆషాఢంలో ఆదాయపు పన్ను

"అక్కడే ఆగండి! కొట్టు దాటి లోపల అడుగేత్తే మా అమ్మ ఊరుకోదు."

అనంతగిరి ఘాటెక్కి, తడిసిన గొడుగుతో హుకుంపేటలో దిగిన నన్ను నా భార్య కనక పలకరించిన తీరిది. పెళ్లయి నెలే అయింది. ఆషాఢమాసం. కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు.

"మీ నాన్నగారే రమ్మన్నారు, పన్ను సంగతట" అన్నాను దర్జాగా.

మామగారు వరహాలరావుగారు ఉప్పుబస్తాలు జరిపి పీట వేశారు.

"విజయనగరంలో మనం అద్దెకిచ్చిన ఇంటిని తాకట్టెట్టి సరుకు కొన్నాను బాబూ. ఆ వడ్డీని అద్దెలోంచి తీసేసి, మిగిలినదానికే పన్నేత్తారు. బాగుంది. ఈ ఏడు గడువుకి ముందే అప్పు తీర్చేసేను. 'నా వడ్డీ పోయింది' అని అప్పిచ్చిన షావుకారు ఆరు నెలల వడ్డీకి సరిపడా సొమ్ము అదనంగా పట్టేడు. అదీ తీసేయొచ్చా? సాయంత్రానికి తేల్చేసి, మీ అత్త కంటబడకుండా కొండ దిగిపో."

వడ్డీ అయితే తీసేయవచ్చు. జరిమానా అయితే కుదరదేమో. కానీ వాడుకోని సొమ్ముకు వడ్డీ ఏమిటి? అప్పు తీర్చినవాడికి జరిమానా ఏమిటి? చదివిన బి.ఏ. అంతా పొగమంచులో కలిసిపోయింది.

కనక అల్లంపాలు తెచ్చింది. "తేలిందా?"

"ఒకసారి చూస్తే వడ్డీ. మళ్లీ చూస్తే జరిమానా."

"సూత్తన్నది కాగితాన్నా, నన్నా?"

"రెంటినీ."

"తేలకపోతేనే మంచిది. తేలితే బేగి ఎల్లిపోతారు!" లోటా అందిస్తూ వేళ్లు తగిలించి పారిపోయింది. పెంకుల మీద వాన కూడా పకపకా నవ్వింది.

సాయంత్రమైంది. "ఏటి తేల్చావు?" అన్నారు మామగారు.

తీసేయవచ్చంటే తెలివైన అల్లుణ్ణే. తప్పయితే శిక్ష ఆయనకు. తెలియదంటే ఈ గుమ్మంలో నా పరువు, దాంతో కనక, రెండూ దూరం.

"తెలియడం లేదు మావయ్యా. విశాఖపట్నంలో ప్లీడరుని అడగాలి. నిజం చెప్పాలంటే... నేను కనకని చూడాలనే వచ్చాను."

ఆయన లోపలి గుమ్మం వైపు తిరిగారు.

"రాజులమ్మా, ఇన్నావా?" అన్నారు లోపలికి.

"ఇన్నాను!" అత్తగారి గొంతు. "తెలీదని ఒప్పుకున్న బి.ఏ.ని ఇప్పుడే సూత్తన్నాను. ప్లీడరు కాడికి మీరే ఎల్లండి. అందాకా కొట్టుకి మనిషుండాల గదా. అల్లుడు తొక్కకూడనిది నా ఇంటి గడపే. కొట్టు గడప మీది!"

మామగారు తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, మీసంలో నవ్వుకుంటూ లోపలికి వెళ్లారు.

కనక వచ్చి ఉప్పుబస్తాల మధ్య రెండు కంచాలు పెట్టింది.

"రెండోది ఎవరికి?" అన్నాను, ఇంకా అయోమయం తీరక.

"షావుకారికి! గడువుకి ముందే ఎల్లిపోతే అదనంగా పట్టేత్తాను!" అని నా పక్కనే కూర్చుంది.